ఎర్ర ఓకు రెయిలింగు

ఆ మనిషి గేటు తోసుకొని లోపలికి వచ్చేసరికి అశ్వత్థప్ప ఒక తలుపు చెక్కకు చిత్రిక పడుతున్నాడు. పొద్దున పది దాటింది. బయట ముసురు పట్టింది. హొసకోటె అవతల రేకుల షెడ్డు అది. నలుగురు పనివాళ్ళు, రెండు మిషన్లు. ఆ చప్పుడులో ఎవరు వచ్చిందీ ఎవరికీ తెలియలేదు. వచ్చినవాడికి ముప్పై అయిదేళ్ళుంటాయి. తడిసిన చొక్కా ఒంటికి అంటుకుపోయింది, గడ్డం మాసిపోయి ఉంది. చేతిలో రెండు మూరల కర్ర.

"అశ్వత్థప్ప ఎవరు?"

"నేనే అప్పా. ఏం కావల్ల?"

మొదటి దెబ్బ భుజం మీద పడింది. ఏమిటిదని తల ఎత్తేలోపల రెండోది పక్కటెముకల మీద. అశ్వత్థప్ప బల్ల మీద నుంచి జారి చెక్కపొట్టులో పడ్డాడు. యాభై ఆరేళ్ళ మనిషి, చేతులు అడ్డం పెట్టుకోవడం తప్ప ఏం చేయలేకపోయాడు. ఆ చేతుల మీద, మోకాళ్ళ మీద, వీపు మీద ఆ కర్ర అలా పడుతూనే ఉంది.

"ఆనుకుందిరా! ఊరికే ఆనుకుంది! బట్టలారేస్తా ఆనుకుంది, అంతే!" అని అరుస్తున్నాడు వచ్చినవాడు. "మూడంతస్తుల మీంచి పడింది నా పెళ్ళాం! నువ్వు చేసిన రెయిలింగేరా!"

మిషన్లు ఆగాయి. పనివాళ్ళు పరుగెత్తుకొచ్చి అతన్ని వెనక నుంచి పట్టుకున్నారు. రంపం మిషను నడిపే ప్రసాద్ అతని ముక్కు మీద గుద్దాడు. రక్తం కారుతున్నా అతను పెనుగులాడుతూనే ఉన్నాడు. ప్రసాద్ ఇనప కడ్డీ ఎత్తాడు.

"కొట్టొద్దు!" అన్నాడు అశ్వత్థప్ప. ఎలాగో లేచి కూర్చున్నాడు. అతని కళ్ళు ఆ మనిషి మీద లేవు. కింద పడ్డ కర్ర మీద ఉన్నాయి. "వదలండప్పా. వాన్ని వదలండి."

కర్ర చేతిలోకి తీసుకున్నాడు. పైన పాలిషు ఇంకా నిగనిగలాడుతూ ఉంది. రెయిలింగు నిలువు కర్ర అది. కింది పట్టీకి చెక్కిన గుంతలో కూర్చునే కొస మాత్రం బొగ్గులా నల్లగా ఉంది. బొటనవేలితో నొక్కితే తడిసిన రొట్టెలా విడిపోయింది. ఆ కొస ఎవరు చెక్కారో అతనికి తెలుసు. కొసల అంచులు కొంచెం వాలుగా చెక్కడం అతని చేతికి అలవాటు.

"ఎప్పుడు?" అని అడిగాడు.

"ఆరు రోజులైంది," అన్నాడు ఆ మనిషి. అంతవరకూ ఉన్న ఊపంతా పోయి నేల మీద కూలబడ్డాడు. "నైట్ డ్యూటీ చేసి వచ్చింది. పడుకోవే అన్నాను. రెండు బట్టలారేసి పడుకుంటానంది."

అతని పేరు జోసెఫ్. ఊరు ఒంగోలు దగ్గర. ఇక్కడ రామ్మూర్తినగర్‌లో కాపురం. ఒక స్కూల్లో ఆటలు నేర్పే మాస్టరు. భార్య సుప్రియ నర్సు. పోలీసులు యాక్సిడెంటని రాసుకున్నారు. పని చేసిన వడ్రంగి ఎవరని ఇంటి యజమానిని గొంతు పట్టుకొని అడిగితే అశ్వత్థప్ప పేరు చెప్పాడు.

జోసెఫ్ వెళ్ళిపోయాక ప్రసాద్, "పోలీసు కంప్లెయింటు ఇద్దాం మేస్త్రీ, నిన్ను సావగొట్టినాడు కదా," అన్నాడు.

అశ్వత్థప్ప ఆ నల్లటి కొసనే చూస్తూ ఉన్నాడు. మూడేళ్ళ కిందటి ఒక రోజు అతని కళ్ళ ముందు ఉంది.

ఆ రోజు దేవరాజ్ డిపో నుంచి లోడు వచ్చింది. దేవరాజ్‌ది పాత మద్రాసు రోడ్డు మీద పెద్ద కట్టెల డిపో. అమెరికా చెక్క కంటెయినర్లలో తెప్పిస్తాడు. రామ్మూర్తినగర్ ఇంటివాళ్ళకు తెల్ల ఓకు అని బిల్లు రాశాడు. అశ్వత్థప్ప నాలుగు పట్లు చిత్రిక పట్టగానే చెక్క లోపల లేత గులాబీ రంగు తేలింది. పుల్లటి వాసన కొట్టింది. అనుమానం వచ్చి జానెడు ముక్క కోసి, ఒక కొస చెంబులో నీళ్ళలో ముంచి, రెండో కొస నోట్లో పెట్టుకొని ఊదాడు. నీళ్ళలో బుడబుడమని బుడగలు వచ్చాయి.

ఎర్ర ఓకు. చెడ్డ చెక్క కాదు. మంచాలకు, బల్లలకు, ఇంట్లో మెట్లకు ఎంతో బాగుంటుంది. బరువుగా, గట్టిగా, ఉలికి చక్కగా లొంగుతుంది. కానీ దాని ఒంట్లో సన్నటి గొట్టాలు ఈ కొస నుంచి ఆ కొస దాకా తెరిచే ఉంటాయి. తెల్ల ఓకుకు అవి పూడుకుపోయి ఉంటాయి. అందుకే తెల్లదాన్ని వానలో పెట్టొచ్చు. ఎర్రది వానకు నీళ్ళు తాగుతుంది. పైన పాలిషు పగలకుండా లోపల లోపలే కుళ్ళిపోతుంది.

అతను ఆ రోజే దేవరాజ్ దగ్గరకు పోయి చెప్పాడు. దేవరాజ్ నవ్వాడు. "సుమ్నె, ఊరికే ఉండన్నా. రంగేసి పాలిషు కొడితే దేవుడు కూడా కనుక్కోలేడు. నీకు కుదరదంటే చెప్పు, ఇంకొకనికి ఇస్తా," అన్నాడు. అశ్వత్థప్ప ఇంటికొచ్చి రెండు రోజులు ఊరికే కూర్చున్నాడు. మూడో రోజు ఉలి పట్టుకున్నాడు. ఆ లోడుతో ఆరు రెయిలింగులు చేశాడు. అయిదు ఇళ్ళకు. ఆరోది హొసకోటె రోడ్డు మీద కల్యాణ మండపానికి. దేవరాజ్ బావమరిది కట్టించిన మండపం అది. గుమ్మం పైన, మొదటి అంతస్తులో, ముప్పై అడుగుల వరండా. పెండ్లికొడుకు ఊరేగింపు వచ్చినప్పుడు ఆడవాళ్ళంతా ఆ వరండాలోకి వచ్చి రెయిలింగు మీద వాలి చూస్తారు. కింద రాతి మెట్లు.

ఆ తలపు రాగానే అశ్వత్థప్ప లేచి నిలబడ్డాడు. పక్కటెముకల్లో నొప్పి కత్తిలా దిగింది. అయినా ఆ కర్ర ముక్క సంచిలో పెట్టుకొని, ఆటో ఎక్కి, నేరుగా దేవరాజ్ డిపోకు పోయాడు.

దేవరాజ్ కర్ర చూశాడు. నవ్వుతూ కుర్చీ చూపించాడు. "కూర్చో అన్నా. కాఫీ తెప్పిస్తా."

"కాఫీ వద్దు. మండపం రెయిలింగు ఈ పొద్దే తీసేయల్ల. నేనే తీస్తా. ఇనప కమ్మీలు పెట్టించు."

"రేపు పొద్దున పెండ్లి ఉండాది ఆడ. వెయ్యిమంది వస్తారు."

"అందుకే చెప్తాండా."

"తీస్తే ఎందుకు తీసినారని అడుగుతారు. రామ్మూర్తినగర్ వాళ్ళకు తెలుస్తాది. అప్పుడు నేను జైలుకు, నువ్వు జైలుకు. సుమ్నె ఉండు."

"నేను పోతాలే జైలుకు. ఒక ఆడబిడ్డ చచ్చిపోయినాది దేవరాజా. నువ్వు తీయకుంటే నేను పోలీసు స్టేషన్‌కు పోతా."

దేవరాజ్ ముఖంలో నవ్వు పోలేదు. వాకిలి వైపు చూసి, "చేతన్," అని పిలిచాడు.

చేతన్ అక్కడ లారీల పని చూస్తాడు. మెడ లేని మనిషి. ఇద్దరు హమాలీలను వెంటబెట్టుకొచ్చాడు. వాళ్ళు అశ్వత్థప్పను రెక్కలు విరిచి పట్టుకొని వెనక గోడౌనుకు ఈడ్చుకుపోయారు. అక్కడ కొత్తగా దిగిన ఓకు కట్టలు కొసలకు ఎర్ర రంగు పూసుకొని కప్పు దాకా ఉన్నాయి. తక్కువ ఎత్తు కట్ట మీద అతని కుడిచేయి చాపి, మణికట్టు దగ్గర మోకాలితో అదిమారు. అశ్వత్థప్పకు ఏం జరగబోతుందో అర్థమైంది.

"అది వద్దప్పా," అన్నాడు. "ఇంకేమన్నా చెయ్యి. చెయ్యి మాత్రం వద్దు."

చేతన్ గొడ్డలి తిప్పి పట్టుకొని దాని వెనక వైపుతో కొట్టాడు. ఒకసారి కాదు. చూపుడు వేలు, మధ్య వేలు, ఉంగరం వేలు. ఒక్కొక్కటీ విరగడం అశ్వత్థప్పకు చెవులతో వినబడింది. నాలుగో దెబ్బకు అతనికి స్పృహ తప్పింది.

కళ్ళు తెరిచేసరికి డిపో బయట, బురదలో ఉన్నాడు.

ఆస్పత్రిలో పట్టీ కట్టించి ఇంటికి తీసుకొచ్చింది అతని భార్య సొన్నమ్మ. ఆమెకు అంతా చెప్పాడు. మూడేళ్ళ నుంచి దాచింది కూడా చెప్పాడు. ఆమె ఏడవలేదు, తిట్టలేదు. గోడకు ఆనుకొని అతన్నే చూస్తూ కూర్చుంది. "నాకన్నా చెప్పి ఉంటే నీ కాళ్ళు పట్టుకొని ఆపి ఉంటాను కదయ్యా," అంది.

మండపం ఆఫీసుకు ఫోను చేయించాడు. ఎత్తినవాడు, "ఒక పిచ్చోడు చేస్తాడని చెప్పినారులే," అని పెట్టేశాడు. స్టేషన్‌కు పోతే, కంప్లెయింటు రాసుకొని రేపు సాయంత్రం రమ్మన్నారు. పెండ్లి పొద్దున్నే.

సొన్నమ్మను తోడు తీసుకొని, చీకటి పడకముందే రామ్మూర్తినగర్‌కు పోయాడు. జోసెఫ్ తలుపు తీశాడు. ఎదురుగా అశ్వత్థప్పను చూడగానే అతని చెంప మీద లాగి కొట్టాడు. సొన్నమ్మ అడ్డం రాబోతే అశ్వత్థప్ప ఎడమచేత్తో ఆమెను ఆపాడు.

"కొట్టు నాయనా. నాకు తెలిసే చేసినా. బయట పెట్టే చెక్క కాదని తెలిసే చేసినా."

జోసెఫ్ చేయి గాలిలో ఆగింది. "ఏమన్నావ్?"

"తెలుసు. మొదటి రోజే తెలుసు. చంపాలంటే తర్వాత చంపు. రేపు పొద్దున ఇంకోచోట ఇదే జరుగుతాది. అది పగలగొట్టల్ల. నా చేయి చూడు. సమ్మెట ఎత్తలేను. నువ్వు రావల్ల."

జోసెఫ్ అతని కట్టు కట్టిన చేయి చూశాడు. నొప్పికి పీక్కుపోయిన ముఖం చూశాడు. తన వెనక ఇంట్లో, బాల్కనీ తలుపుకు అడ్డంగా కట్టిన తాడు వైపు ఒకసారి తిరిగి చూశాడు.

"ఎన్ని గంటలకి?" అన్నాడు.

మర్నాడు ఎనిమిదిన్నరకు మండపం ముందర ఇసుక వేస్తే రాలనంత జనం. వాన తెరిపి ఇచ్చింది. రోడ్డు మలుపులో తమటె డప్పుల మోత అప్పుడే మొదలైంది. జోసెఫ్ బైకు ఆపి సంచిలోంచి సమ్మెట తీశాడు. గుమ్మం దగ్గర మేనేజరు వాళ్ళను అడ్డగించాడు. అశ్వత్థప్ప అతనికి దండం పెట్టి, పైకి ఎవరినీ పోనివ్వద్దని బతిమాలాడు. మేనేజరు ఫోను తీసి దేవరాజ్‌కు చేశాడు. ఇంతలో పట్టుచీరలన్నీ గలగలమంటూ మెట్లెక్కి వరండాలోకి పోతున్నాయి.

"టైము లేదు," అన్నాడు జోసెఫ్. మేనేజరును పక్కకు తోసి మెట్ల మీద పరుగెత్తాడు. అశ్వత్థప్ప వెనకే ఎక్కాడు. ప్రతి మెట్టుకూ పక్కటెముకలు కలుక్కుమంటున్నాయి.

వరండాలో అప్పటికే నలభై మంది ఉన్నారు. చంటిపిల్లను ఎత్తుకున్న ఒక ఆమె ముందర నిలబడి, రెయిలింగు పైపట్టీ మీద పిల్లను కూర్చోబెట్టి, ఊరేగింపు చూపిస్తూ ఉంది.

"వెనక్కి రాండమ్మా!" అని అరిచాడు అశ్వత్థప్ప. "విరిగిపోతాది! వెనక్కి రాండి!"

తమటెల మోతలో ఎవరికీ సగం మాట వినబడలేదు. విన్నవాళ్ళు అతని ముఖం చూసి, తాగినవాడనుకొని ముక్కు మూసుకున్నారు. అశ్వత్థప్ప జనాన్ని చీల్చుకొని పోయి, ఎడమచేత్తో ఆ పిల్లను తల్లి చేతుల్లోంచి లాక్కున్నాడు. ఆ తల్లి కేక పెట్టింది. ఎవరో అతని జుట్టు పట్టుకున్నారు. పిల్ల మీద దెబ్బ పడకుండా ముందుకు వంగి, వీపు అప్పగించి, అలాగే గోడ దాకా వచ్చి పిల్లను తల్లికి ఇచ్చేశాడు.

ఆ క్షణంలో జోసెఫ్ సమ్మెట ఎత్తి, వరండా ఆ చివర రెయిలింగు మీద వేశాడు. పెళ్ళున విరిగింది. రెండో దెబ్బకు మూడు నిలువు కర్రలు ఎగిరి కింద రాతిమెట్ల మీద పడ్డాయి. అప్పుడు జనం కదిలారు. కేకలు పెడుతూ లోపలికి తోసుకున్నారు. చెప్పులు, పూలు, గాజుముక్కలు వరండా నిండా పడ్డాయి. మూడు నిముషాల్లో అక్కడ ఆడవాళ్ళెవరూ లేరు.

కానీ మగవాళ్ళు వచ్చారు. పెండ్లివారి తరఫు కుర్రకారు పదిమంది జోసెఫ్ మీద పడ్డారు. సమ్మెట లాగేసి, కింద పడేసి, కాళ్ళతో తన్నారు. ఒకడు కుర్చీ తెచ్చి వీపు మీద విరగ్గొట్టాడు. జోసెఫ్ తల చేతుల్లో దాచుకొని, "చూడండ్రా! విరిగిన కొస చూడండ్రా!" అని అరుస్తూనే ఉన్నాడు. ఎవరూ చూడలేదు. అశ్వత్థప్ప పోయి అతని మీద పడుకున్నాడు. తన్నులు ఇతని మీదికి మళ్ళాయి. కట్టు కట్టిన చేయి ఎవరి బూటు కిందో పడి నలిగింది. అశ్వత్థప్ప పశువులా అరిచాడు.

అప్పుడు దేవరాజ్ పంపిన చేతన్ వచ్చాడు. చేతిలో లారీ జాకీ రాడ్డు. "మీరు జరగండప్పా, వీళ్ళు మా డిపో దొంగలు, నేను చూసుకుంటా," అని కుర్రవాళ్ళను తప్పించాడు. ముందు అశ్వత్థప్ప తల మీదకు రాడ్డు ఎత్తాడు. జోసెఫ్ కింద నుంచి అతని కాలు పట్టుకొని గుంజాడు. రాడ్డు నేలకు తగిలి నిప్పులు రాలాయి. ఇద్దరూ కలబడి లేచారు. రాడ్డు ఒకసారి జోసెఫ్ చెవి మీద పడి చెవి చీలిపోయింది. జోసెఫ్ రెండు చేతులూ చేతన్ ఛాతీ మీద పెట్టి, ఏడు రోజుల నుంచి లోపల ఉన్నదంతా పెట్టి, నెట్టాడు.

చేతన్ నాలుగడుగులు వెనక్కి పోయి, ఇంకా పగలని రెయిలింగుకు వీపు ఆనించి నిలదొక్కుకున్నాడు. పళ్ళు బయటపెట్టి మళ్ళీ రాడ్డు ఎత్తాడు.

"ఆనుకోవద్దురా!" అని అరిచాడు అశ్వత్థప్ప.

పెద్ద చప్పుడేమీ రాలేదు. మెత్తటిది నలిగినట్టు ఒక చప్పుడు. కింది పట్టీలోంచి కొసలన్నీ ఒక్కసారిగా ఊడి, పదిహేను అడుగుల రెయిలింగు చేతన్‌ను తీసుకొని వెనక్కి వాలింది. అతని చేతులు గాలిని పట్టుకోబోయాయి. జోసెఫ్ ముందుకు ఉరికాడు. పట్టుకోవడానికో ఇంకా తొయ్యడానికో అతనికే తెలియదు. ఏదీ చేయకముందే చేతన్ రాతిమెట్ల మీద పడ్డాడు. నడుము మెట్టు అంచుకు తగిలింది. పైన రెయిలింగు పడింది.

తమటెలు ఆగిపోయాయి. పెండ్లికొడుకు కారు అప్పటికి మెట్లకు ఇరవై అడుగుల దూరంలో ఉంది. పైన కుర్రవాళ్ళు ఎక్కడివాళ్ళక్కడ నిలబడిపోయారు. ఇందాక పిల్లను పోగొట్టుకున్నంత కేక పెట్టిన తల్లి వరండా వాకిలి దగ్గరకు వచ్చి, ఖాళీ అంచు చూసి, పిల్లను గుండెకు అదుముకొని కూలబడింది.

పోలీసులు వచ్చేసరికి అశ్వత్థప్ప వరండాలోనే గోడకు ఆనుకొని కూర్చొని ఉన్నాడు. చుట్టూ విరిగిన కర్రలు. ఎస్సై అడగకముందే చెప్పాడు. "ఈ రెయిలింగు చేసినోన్ని నేనే. ఇది ఎర్ర ఓకు. తెల్లదని అమ్మినాడు దేవరాజ్. వానకు కుళ్ళుతాదని తెలిసి కూడా చేసినా. ఇంకా నాలుగు ఇండ్లలో ఉండాది. అడ్రసులు రాసుకో సార్."

చేతన్ చావలేదు. నడుము కింద భాగం మాత్రం పనిచేయదన్నారు డాక్టర్లు. ఆస్పత్రిలో పదిహేను రోజులు దేవరాజ్ వస్తాడని చూశాడు. రాలేదు. పదహారో రోజు చేతన్ పోలీసులను పిలిపించి, తెల్ల ఓకు అని ఏయే లోడుకు రాసిందీ, గొడ్డలితో ఎవరి వేళ్ళు ఎవరు చెప్తే విరగ్గొట్టిందీ వాంగ్మూలం ఇచ్చాడు. దేవరాజ్ అరెస్టయ్యాడు. నెల తిరక్కుండా బెయిలు మీద బయటకు వచ్చాడు. కేసు నడుస్తూ ఉంది. అశ్వత్థప్ప రెండో ముద్దాయి. నాకేం తెలియదు, ఇచ్చిన చెక్కతో చేశానని చెప్పు, బయటపడతావని లాయరు నచ్చజెప్పాడు. అతను వినలేదు. పదకొండు రోజులు జైల్లో ఉండి బెయిలు మీద వచ్చాడు.

మిగిలిన నాలుగు ఇళ్ళ రెయిలింగులు ఆదివారాల్లో తీశారు. జోసెఫ్ చర్చి అయ్యాక కుట్లు పడ్డ చెవితో వచ్చేవాడు. అశ్వత్థప్ప ఎక్కడ కోయాలో చూపిస్తే అతను కోసేవాడు. ఇద్దరి మధ్యా అంతకు మించి మాట లేదు. ఒక ఇంటివాళ్ళు కాఫీ ఇచ్చారు. ఒక ఇంటివాళ్ళు కుక్కను వదిలారు.

నాలుగో ఇంటి దగ్గర పని అయిపోయాక అశ్వత్థప్ప, "నాయనా, సుప్రియమ్మ ఎట్ల ఉండేది?" అని అడిగాడు. అడగ్గానే తప్పు చేశాననుకున్నాడు.

జోసెఫ్ ఒక్క అంగలో వచ్చి అతని మెడ వెనక పట్టుకున్నాడు. వేళ్ళు మాంసంలోకి దిగాయి. రెండో చేత్తో జేబులోంచి ఫోను తీసి అతని ముఖానికి దగ్గరగా పెట్టాడు. యూనిఫారంలో ఉన్న ఒక చామనచాయ అమ్మాయి, నోట్లో క్లిప్పు పెట్టుకొని, రెండు చేతులతో జుట్టు ముడి వేసుకుంటూ, ఫొటో తీస్తున్నవాణ్ణి విసుక్కుంటూ ఉంది.

"చూడు," అన్నాడు జోసెఫ్. "బాగా చూడు. తల తిప్పావంటే మెడ విరిచేస్తాను. చూడు."

అశ్వత్థప్ప తల తిప్పలేదు. ఫోను వెలుగు ఆరిపోయేదాకా చూశాడు. జోసెఫ్ మళ్ళీ వెలిగించాడు. మళ్ళీ చూశాడు. మెడ మీద పట్టు మెల్లగా వదులైంది.

"క్షమించానని అనుకోకు."

"అనుకోలేదప్పా."

"ఒంగోలు వెళ్ళిపోతున్నాను. కోర్టుకి ఎప్పుడు పిలిచినా వస్తాను. నువ్వు మాట మార్చావని తెలిసిందో, వచ్చేది కోర్టుకి కాదు."

"మార్చను."

జోసెఫ్ రంపం అతని సంచిలో పెట్టి, బైకెక్కి వెళ్ళిపోయాడు. అశ్వత్థప్ప కుడిచేతి మూడు వేళ్ళు వంకరగానే అతుక్కున్నాయి. సంచి ఎత్తబోతే జారిపోయింది. రోడ్డవతల బస్టాపులో కూర్చున్న సొన్నమ్మ వచ్చి సంచి అందుకుంది. అతని మెడ మీద ఎర్రగా తేలిన అయిదు వేళ్ళ గుర్తులు చూసింది.  కొంగు తడిపి ఆ మెడ మీద వేసి, "రా, బస్సొస్తాండాది," అంది.